తాను విప్పించి కొనవే బుజ్జీ

చిరంజీవి బుజ్జికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్న గుడ్డతో జాకెట్టు కుట్టుకున్నావటగా, ఒక్క ఉతుకుకే చేతులు దూరడం మానేశాయని మీ అమ్మ చెప్పింది. కుట్టు బాగానే ఉందట. మరి మిషను కొనుక్కున్నావు, కత్తెర కొనుక్కున్నావు, బట్ట కొనడం నీకెవరు నేర్పారు? నేను నేర్పాల్సింది, నేర్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

మేము బట్టలు కొన్నది సూపర్ బజారులో, అంటే సరసమైన ధరలకి అమ్మే సహకార సంఘం వాళ్ళ పెద్ద కొట్టులో. 1966లో ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక, ధరలు మండిపోతున్నాయని ఢిల్లీలో మొదటిది తెరిచారు. తర్వాత మన వైపూ వచ్చాయి. మా ఊళ్ళో కింద పప్పులూ సబ్బులూ, మెట్లెక్కితే బట్టలు. కంట్రోలు బట్ట, అంటే సర్కారు ధర కట్టిన చవక బట్ట, వచ్చిందంటే మెట్ల కింద దాకా వరసే. ధర గుడ్డ మీదే అచ్చుగుద్ది ఉండేది కాబట్టి బేరం ఉండేది కాదు, తోపులాట మాత్రం ఉండేది. మిగతా రోజుల్లో ఆ మేడ మీద ఫ్యాను గాలికి కొత్త బట్టల గంజి వాసన. గుమాస్తా చెవి మీద పెన్సిలు. గుడ్డ చుట్టిన తాను కిందికి దించి, బల్ల మీద దబదబా దొర్లించి, కత్తెరతో అంచు దగ్గర ఒక్క గాటు పెట్టేవాడు. కత్తెర పక్కన పెట్టి, రెండు చేతుల్తో పట్టుకుని బర్రున చింపేవాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ చింపడంలోనే ఉందే కిటుకంతా. గట్టిగా చింపితే నూలు గుడ్డ అడ్డపోగు వెంబడే పోతుంది, అంగుళం కూడా వంకర పోదు. ఇప్పుడు కొట్టువాళ్ళు కత్తెరతో సర్రున కోసేస్తారు, వాళ్ళ చెయ్యి ఎటు పోతే గుడ్డ అటు. అలాంటి ముక్క ఇంటికి తెచ్చుకుంటే చివర ఒక పోగు లాగు. ఆ గీత వెంబడి కత్తిరించి సరిచేసుకున్నాకే కొలతలు పెట్టు. పోగు వంకరైతే జాకెట్టు వీపు మీద ఒక పక్కకి లాగుతుంది, ఎన్ని కుట్లు విప్పినా సర్దుకోదు.

నువ్వు సికింద్రాబాద్ జనరల్ బజారుకి వెళ్ళు. ఇక్కడికొస్తే బెజవాడ వన్ టౌన్‌లో వస్త్రలతకి నేనే తీసుకెళ్తా. చీర సంచిలో పెట్టుకునే వెళ్ళు, రంగు గుర్తుంది అనుకోకు. మ్యాచింగ్ సెంటర్లో ట్యూబులైటు కింద సరిగ్గా అతికినట్టు కనిపించిన గుడ్డ, ఎండలోకి రాగానే వేరే రంగైపోతుంది. తాను పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూస్తానని అడుగు. విసుక్కుంటే పక్క కొట్టుకి పద.

కొట్లో ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడుగు. 36 అంగుళాల పన్నా అయితే నీలాంటి సన్నపిల్లకి పొట్టి చేతుల జాకెట్టుకి 80 సెంటీమీటర్లు చాలు. మోచేతుల దాకా చేతులు కావాలంటే మీటరు తీసుకో. కొలిచేటప్పుడు వాడి చేతులు చూడు, గుడ్డ మొహం కాదు. లాగి పట్టి కొలిస్తే ఇంటికొచ్చేసరికి రెండంగుళాలు మాయం. బల్ల మీద వదులుగా పరిచి కొలవమను. మా రోజుల్లో నాలుగు వేళ్ళు కొసరు వదిలేవాళ్ళు, ఇప్పుడు అడిగితే తప్ప రాదు. అడుగు, సిగ్గేముంది?

తర్వాత గుడ్డని రెండు అరచేతుల మధ్య బాగా నలుపు. తెల్లటి పొడి రాలిందంటే అది గంజి బిగువు, ఉతికితే జల్లెడ బయటపడుతుంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే పోగులు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. జాకెట్లకి వాడే టూ బై టూ గుడ్డ అంటే నిలువుపోగూ అడ్డపోగూ రెండూ రెండేసి పేటలు పురిపెట్టినవి, అందుకే పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది. ఒక వైపు పోగు ఒంటిపేటే ఉండే టూ బై వన్ ఇచ్చి టూ బై టూ అంటారు కొందరు. నూలా కాదా అనుమానం వస్తే అంచున ఒక పోగు తీసి ఇంటి దగ్గర అగ్గిపుల్లతో అంటించు. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి పూసలా గట్టిపడుతుంది. ముదురు రంగులకి జేబురుమాలు తడిపి రుద్ది చూడు.

అంచు మీద అక్షరాలు చదివే అలవాటు మాకుండేది. మిల్లు పేరు, రకం, అన్నీ అక్కడే. శాన్‌ఫొరైజ్డ్ అని ఉంటే, మిల్లులోనే ముందే బిగిసేలా చేసిన గుడ్డ, ఇక బిగిసే భయం లేదని నిశ్చింత. ఇప్పుడు చాలా తానుల మీద ఏమీ ఉండదు. అందుకే తెచ్చిన గుడ్డ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేసుకో. లైనింగు గుడ్డ కూడా తప్పకుండా నానబెట్టు! నేనొకసారి పైగుడ్డ నానబెట్టి, తొందరలో లైనింగు వదిలేశాను. పక్కింటి పిల్ల నిశ్చితార్థం జాకెట్టు అది. మొదటిసారి తడవగానే లోపలి గుడ్డ ముడుచుకుని, పైగుడ్డ అప్పడంలా ఉబ్బింది. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ, వాళ్ళ అమ్మ మళ్ళీ నాకు గుడ్డ ఇవ్వలేదు.

లంగాలకి పాప్లినే తీసుకో, శాటిన్ జోలికి పోకు. శాటిన్ మీద సూది దింపితే ఆ బెజ్జం అలాగే ఉండిపోతుంది, విప్పి మళ్ళీ కుట్టే అవకాశం ఉండదు. నీకింకా విప్పే రోజులే.

మీ అమ్మ వచ్చేటప్పుడు నా బీరువాలో కట్ పీసుల మూట పంపిస్తున్నాను. కొలతలన్నీ చీటీల మీద రాసి గుండుసూదితో గుచ్చాను. కనకాంబరం రంగు ముక్క మాత్రం కత్తిరించకు. అది ఆ సూపర్ బజారు మేడ మీద నుంచే తెచ్చింది, తాను చివరి ముక్క. 70 సెంటీమీటర్లే ఉంది, నాకూ చాలలేదు, నీకూ చాలదు.

నీ అమ్మమ్మ