పొన్నంకి పిట్ట కోసం పాకాలకు వెళ్లే ముందు

చిరంజీవి రమ్యకు పెద్దబాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఈ మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, వరంగల్ దగ్గర పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవికి వెళ్లి పొన్నంకి పిట్టను చూడాలని ఉందని నీవు రాసిన ఉత్తరం అందింది, చాలా సంతోషం. పక్షుల పుస్తకాలలో ఇండియన్ పిట్టా అనీ, ఉత్తరాదిన నవరంగ్ అనీ పిలిచే ఈ పిట్ట కోసం వెళ్లినవారిలో చాలామంది కొమ్మలలోకి చూస్తూ నడుస్తారు కనుక ఒట్టి చేతులతో తిరిగి వస్తారు. ఇది నేల మీద మేత ఏరుకునే పిట్ట. చెట్లు, పొదలు దట్టంగా పెరిగి, రాలిన ఆకు తడిసి మెత్తబడిన చోట గెంతుతూ తిరిగి, ముక్కుతో ఆకులను తిరగేసి వానపాములను, చీమలను, పురుగులను తింటుంది. అందువల్ల చెరువు కట్ట మీద పొద్దు గడపకుండా, వాగుల వెంబడి నీడ పట్టున ఉన్న తడి నేలను ముందుగా చూసుకో. తునికాకు చిగురు కోసమో, ఇప్పపూలు ఏరడానికి వీలుగా ఉంటుందనో వేసవిలో నిప్పు పెట్టిన చోట ఆ ఆకుల పరుపే మిగలదు. అక్కడ పిట్టకు తిండీ ఉండదు, దాపూ ఉండదు. ఏటా ఆ మంటలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తెల్లవారకముందే అడవి అంచుకు చేరుకో. ఈ పిట్ట ఉదయం, సాయంత్రం మసక వెలుతురులో రెండు స్వరాల ఈల వేస్తుంది. ఒకటి మొదలుపెడితే చుట్టుపక్కల ఉన్నవి అందుకుంటాయి. ఈల వినిపించగానే అటు పరుగెత్తవద్దు. చెట్టు మొదలుకు ఆనుకుని కదలకుండా కూర్చుంటే, కాసేపటికి ఎండుటాకుల అలికిడి తెలుస్తుంది. గోరింక కంటే చిన్నదైన ఆ పిట్టకు తోక ఉందా లేదా అన్నట్టు పొట్టిగా ఉంటుంది, నిలబడినప్పుడు దానిని పైకీ కిందికీ ఆడిస్తుంది. కంటి మీదుగా నల్లని పట్టీ, దాని పైన తెల్లని గీత, తెల్లని గొంతు, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట చివర కుంకుమ ఎరుపు. అయితే వీపు ఆకుపచ్చ కావడంతో, అటు తిరిగిందంటే కళ్ల ముందున్నదే మాయమవుతుంది.

బిడ్డా, ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: సెల్‌ఫోన్‌లో దాని కూత వినిపించి రప్పించవద్దు. చలికాలాన్ని దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపే ఈ పిట్ట వానలతో పాటు మధ్య భారత అడవులకు, హిమాలయాల దిగువకు వచ్చేది పిల్లలను చేయడానికే. ఆ కూత విని వేరొక పిట్ట తన చోటు ఆక్రమించిందనుకుని, మేత మాని, గూడు విడిచి వస్తుంది. ఫోటో కోసం దానికంత కష్టం పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

అటవీశాఖ అనుమతి తీసుకుని, దారి తెలిసిన ఊరివారిని వెంట తీసుకుని వెళ్లు. వానాకాలం ఆకుల కింద పాములుంటాయి కనుక బూట్లు వేసుకో, చేతితో ఆకులు కదపవద్దు. నేల మీదనో, తక్కువ ఎత్తు కొమ్మ మీదనో ఎండుటాకులతో, గడ్డితో గుండ్రంగా అల్లి, పక్కన వాకిలి ఉన్న గూడు కనిపిస్తే అందులో నాలుగైదు గుడ్లు ఉండవచ్చు. దగ్గరకు పోకుండా వచ్చిన దారినే వెనక్కి నడువు, ఆ చోటు ఎవరికీ చెప్పవద్దు.

ఇట్లు,
పెద్దబాపు