సమాధానం: కొత్త సిమ్ తీసుకున్నాక పోర్టింగ్ కోడ్ రావడం లేదు

నంబరు మార్చకుండా వేరే కంపెనీకి మారడానికి, అంటే పోర్టింగ్‌కు, కోడ్ అడిగితే రావడం లేదని, హైదరాబాద్ నుంచి విజయవాడ మారుతున్నానని రాశారు. కారణం దాదాపుగా మీ కొత్త సిమ్మే. పోయిన సిమ్ బదులు మొన్ననే అదే నంబరుతో మరొకటి తీసుకున్నానని రాశారు కదా. దీన్నే సిమ్ స్వాప్ అంటారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన నిబంధన 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది: సిమ్ మార్చిన 7 రోజుల లోపు అడిగితే యూపీసీ, అంటే పోర్టింగ్ కోడ్, ఇవ్వరు. మీ నంబరుతో దొంగ సిమ్ తీసుకున్నవాడు వెంటనే వేరే కంపెనీకి మారిపోకుండా పెట్టిన అడ్డు ఇది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత సిమ్ పోయిన రోజు నుంచి లెక్కపెడతారు. లెక్క మొదలయ్యేది కొత్త సిమ్ పనిచేయడం మొదలైన రోజు నుంచి. ఆ తేదీ మీకు వచ్చిన సందేశంలో ఉంటుంది, చూడండి. మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్సులే ఆగిపోతాయి కాబట్టి అప్పుడు పంపినవి వృథా.

1. గడువు పూర్తయ్యేదాకా 1900కు ఏమీ పంపకండి.
2. తరువాత అదే సిమ్ నుంచి ఇంగ్లిషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు వేసి 1900కు పంపండి.
3. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన దగ్గర 4 రోజులే చెల్లుతుంది. ఆలోగా కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లండి.

పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బకాయి ముందే కట్టేయండి. హైదరాబాద్ నుంచి విజయవాడ మారడం గురించి బెంగ వద్దు. టెలికాం లెక్కలో రెండు రాష్ట్రాలూ ఇంకా ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిల్, అంటే ఒకే సేవా ప్రాంతం.