గాలి తొంభయ్యా, నూటపదా?

ప్రశ్న: తుపాను వస్తే ఒడియా ఛానల్ గాలి 90 అంటుంది, తెలుగు ఛానల్ 110 అంటుంది. ఫోన్‌లో యాప్ ఇంకో అంకె చూపిస్తుంది. ఇంట్లో ఇదే తగువు. ఎవరి మాట నమ్మాలండీ?
- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: చాలాసార్లు రెండు ఛానళ్ల మాటా నిజమే. వాతావరణ శాఖ బులెటిన్‌లో గాలి ఒక్క అంకెగా ఉండదు. ‘గంటకు 90-100 కిలోమీటర్లు, ఉండుండి 110’ అన్నట్టు ఉంటుంది. మొదటిది మూడు నిమిషాల సగటు, చివరిది విసురు, అంటే కాసేపు ఒక్కసారిగా కొట్టే గాలి. ఒకరు తల పట్టుకున్నారు, ఇంకొకరు తోక పట్టుకున్నారు. అమెరికా వాళ్ల తుపాను కేంద్రం ఒక నిమిషం సగటు తీస్తుంది కాబట్టి అదే గాలి వాళ్ల లెక్కలో ఎక్కువగా కనిపిస్తుంది. యాప్‌లో చాలావరకు కనిపించేది కంప్యూటర్ అంచనా, కొలిచిన గాలి కాదు. మీ రేకుల కప్పు, కొబ్బరిచెట్ల సంగతి తేల్చుకోవడానికి విసురు అంకె చూడండి. ‘తీవ్ర తుపాను’ (89 నుంచి 117) లాంటి పేర్లు మాత్రం సగటును బట్టి పెడతారు.

అంకె కంటే ముందు టైము చూడాలి. 0300 యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) అంటే తెల్లవారుజామున మూడు కాదు, మనకు ఉదయం 8.30. అయిదున్నర గంటలు కలుపుకోవాలి. తుపాను వేళ మూడు గంటలకో బులెటిన్ వస్తుంది, అందుకే టైము కనిపించని స్క్రీన్‌షాట్ దేనికీ కొరగాదు. గజపతి జిల్లాకు రెడ్ హెచ్చరిక, శ్రీకాకుళానికి ఆరెంజ్ అని ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. హెచ్చరిక జిల్లావారీగా ఇస్తారు. ఒడిశా జిల్లాలకు భువనేశ్వర్ కేంద్రం, ఆంధ్రా జిల్లాలకు అమరావతి కేంద్రం.

ప్రశ్న: వంశధార వరదకి గుణుపురంలో మామయ్య ‘3,000 వస్తోంది’ అన్నారు. హిరమండలంలో చెల్లి ‘గొట్టా బ్యారేజీ దగ్గర లక్ష దాటింది’ అంది. ఇంత తేడానా?
- ఒక పాఠకుడు, కాశీనగర్

జవాబు: తేడా అసలు లేకపోవచ్చు. ఒకరు క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) చెప్పారు, ఒకరు క్యూసెక్కులు (సెకనుకు ఘనపు అడుగులు). ఒక క్యూమెక్కు అంటే సుమారు 35.3 క్యూసెక్కులు, 3,000ని గుణిస్తే లక్షా ఆరువేలకు దగ్గర. కేంద్ర జల సంఘం మొదటిది వాడుతుంది, బ్యారేజీ దగ్గర మనవాళ్లు రెండోది వాడతారు. యూనిట్ సరిపోయినా అంకెలు కలవకపోతే టైము అడగండి. పైనుంచి నీరు కిందికి దిగడానికి గంటలు పడుతుంది. నీటిమట్టం ‘54 మీటర్లు’ అని విని ఏటిలో అంత లోతుందనుకుని బెదిరిపోయేవాళ్లున్నారు. అది సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. మట్టం కొలిచిన ఆ గేజీ దగ్గర ప్రమాద స్థాయికి ఎంత పైనుందో, ఎంత కిందనుందో అదొక్కటే అడగండి.

ప్రశ్న: వరద వీడియో పాతదో కొత్తదో ఎలా పోల్చుకోవాలి?
- బరంపురం నుంచి

జవాబు: బోర్డో, బండి నంబరో కనిపించేచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. పైన అతికించిన రాతలు కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. దొరకకపోతే రెండు, మూడు వేరే చోట్ల ఆపి మళ్లీ చూడండి. 2018 తిత్లీ తుపాను నాటి దృశ్యం ఇలా బయటపడే అవకాశం ఎక్కువ. ఏమీ దొరకలేదంటే కొత్తదని అర్థం కాదు. వాట్సాప్‌లో జంట బాణాల గుర్తు చాలా చేతులు మారిందని చెబుతుంది, అంతే. అబద్ధమని కాదు.

ప్రశ్న: ఇవన్నీ ఒక్కళ్లం చూసుకోగలమా?
- రాయగడ నుంచి

జవాబు: అక్కర్లేదు. అయిదారుగురు చాలు. ఒడియా చదవగలవారు ఒకరు (మాట్లాడేవాళ్లు మనలో బోలెడుమంది, చదివేవాళ్లు తక్కువ), ఏటికి ఎగువన ఒకరు, దిగువన ఒకరు, పలాస వైపు చేపల వేటకెళ్లే వాళ్లలో ఒకరు. మీతో ఎప్పుడూ వాదించే మనిషిని కూడా వదులుకోకండి. ఇద్దరు ఒకే మాట చెబితే ‘మీకెవరు చెప్పారు?’ అని ఇద్దరినీ అడగండి. ఇద్దరూ ఒకే గ్రూపు పేరు చెబితే అది ఒక్క సాక్ష్యమే. మీరు పంపింది తప్పని తేలితే గుట్టుగా చెరిపేయకండి, ఇతరులు పంపేసిన నకళ్లు అలాగే ఉంటాయి. ఆ మెసేజీకే రిప్లై కొట్టి సరైన అంకె, టైముతో సహా అదే గ్రూపులో పెట్టండి.