మెల్లగా వాయిస్తే స్వరం పలకడం లేదా? ముందు లెట్-ఆఫ్ చూడండి

గ్రాండ్ పియానో గట్టిగా వాయిస్తే బాగానే ఉందని, మెల్లగా వాయిస్తే మాత్రం కొన్ని స్వరాలు ఎగిరిపోతున్నాయని రాశారు. హామర్లు (తీగలను కొట్టే చిన్న సుత్తులు) మార్చమని మీకు వచ్చిన సలహాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ జబ్బుకు అది మందు కాదు.

ఇబ్బంది పెట్టే మీటను వీలైనంత నెమ్మదిగా నొక్కుతూ హామర్‌ను గమనించండి. అది తీగ దాకా వెళ్లినట్టే వెళ్లి కాస్త వెనక్కి జారుతుంది. ఆ జారే చోటునే లెట్-ఆఫ్ అంటారు. అది తీగకు సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 4, 5 మిల్లీమీటర్లు ఉందంటే ఆ మిగతా దూరం హామర్ సొంత ఊపుతోనే దాటాలి, మెల్లని స్పర్శకు అంత ఊపు ఎక్కడిది? ఆ చోటును సరిచేసే లెట్-ఆఫ్ బటన్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ దగ్గరకు తెండి. మంద్రస్థాయి తీగలు విశాలంగా ఊగుతాయి కాబట్టి అక్కడ ఇంకాస్త ఎడం ఉంచండి.

అయితే మీట కిందికి దిగే లోతు (దాదాపు 10 మిల్లీమీటర్లు), హామర్ తీగ దాకా చేసే ప్రయాణం (దాదాపు 45 మిల్లీమీటర్లు) ముందే సరిచూసుకోవాలి. అవి తప్పితే పైన చేసినదంతా మళ్లీ మొదటికొస్తుంది.

వానాకాలంలోనే ఇలా అవుతుంటే, తేమకు బిగుసుకున్న బుషింగులను (కదిలే భాగాల పిన్నుల చుట్టూ ఉండే గుడ్డ పొరలను) అనుమానించండి.

యాక్షన్‌ను (మీటలు, హామర్లు ఉన్న యంత్రభాగాన్ని) బయటకు లాగేటప్పుడు ఏ మీటకూ వేలు తగలనివ్వకండి. పైకి లేచిన హామర్ పిన్‌బ్లాక్‌కు (తీగల పిన్నులు దిగగొట్టిన చెక్కకు) తగిలిందంటే దాని కాడ పుటుక్కున విరుగుతుంది.