గింజ గురించి రాసిన అమ్మాయికి

బసవనగుడి, బెంగళూరు
కార్తీక మాసం

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ఆవులింత వచ్చింది, ఏమీ అనుకోకు. బీజకవచం, బీజదళాలు, ప్రథమ మూలం, ప్రథమ కాండం అంటూ బడిలో హాజరు పిలిచినట్టు పిలిచావు. ఒక్కటీ పలకలేదు.

రాత్రి మా ఇంట్లో అనపగింజలు నానబోశారు. ఇవాళ పితికిపప్పు కూర. నేనూ ఓ గుప్పెడు పితికాను. వేళ్ల మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి పళ్లెంలో పడుతుంది. ఆ తోలే నీ బీజకవచం. దాని అంచున తెల్లగా ఓ కట్ట ఉంటుంది చూడు, గింజ కాయకు అతుక్కుని ఉన్న చోటు అదే. బొడ్డు అనుకో. దాని పక్కనే కంటికి ఆనీ ఆనని రంధ్రం. నానిన గింజను మెల్లగా నొక్కితే అక్కడ నీటి చుక్క ఊరుతుంది. బద్దలు రెండూ విడదీస్తే ఓ మూల చిన్న ముక్కు. ఒక కొస వేరవుతుంది, రెండో కొస ఆకులవుతుంది. రేపటి మొక్క అదే. బద్దలు, అంటే నీ బీజదళాలు, దానికి కట్టిచ్చిన సద్దిమూట. ఇలా పితుకుతూ రాయి, పేర్లు వాటంతటవే వస్తాయి.

ఇక అసలు తప్పు. గింజలన్నిటికీ ఆహారం బీజదళాల్లోనే ఉంటుందన్నావు. చిక్కుడుకు సరే. వరికి, మొక్కజొన్నకు, ఆముదానికి అది అంకురచ్ఛదంలో, అంటే బీజదళాలకు వేరుగా ఉండే తిండి నిల్వలో ఉంటుంది. (ఈ మాట నాకూ నోరు తిరగదు, అన్నం మెతుకు పక్కన పెట్టి ఒక్కసారి వాడు చాలు.) తెల్లబియ్యమంటే దాదాపు అదే. మొలకెత్తాల్సిన మొన మిల్లులో తవుడుతో పోయింది, అందుకే బియ్యం చల్లితే మొలవవు.

నేనూ తక్కువ తినలేదులే. కుర్రతనంలో ఓ పత్రికకు, మొలిచిన కొబ్బరికాయలో దొరికే కొబ్బరిపువ్వంటే గట్టిపడిన కొబ్బరినీళ్లని రాసేశాను. నీళ్లూ కొబ్బరీ అంకురచ్ఛదమే గానీ, పువ్వు ఉబ్బిన బీజదళం. ఆ రెంటినీ పీల్చి మొలకకు అందిస్తుంది. ఓ రైతు కార్డు ముక్క రాశాడు: 'అయ్యా, మొలిచిన కాయ ఎప్పుడైనా కొట్టి చూశారా?' చూడలేదు.

కార్తీకం ఆఖరి సోమవారం ఇక్కడ దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె, అదే వేరుశెనక్కాయల జాతర. తిరగరాసిన ప్రతి పట్టుకుని రా. వేరుశెనక్కాయలు ఒలుస్తూ చదువుదాం. పచ్చివే కొంటాను, వేయించినవైతే చూడకముందే తినేస్తావు.