మెడ నొప్పికి సూది వేయించుకోవాలా అని అడిగిన అమ్మాయికి

కర్నూలు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మెడ కండరాల్లో సూదులు వేద్దామని అనంతపురంలోని డాక్టరు గారు అన్నారనీ, శ్రావణమాసం జాకెట్ల ఆర్డర్లు వచ్చిపడేలోగా వేయించుకుంటే ఆ నెలంతా మగ్గం వర్కు ముందు కూర్చోగలనని నీకు ఆశగా ఉందనీ ఫోనులో చెప్పావు. ఫోనులో విన్న మాట నిలవదు కాబట్టి తీరికగా ఉత్తరం వ్రాస్తున్నాను. అల్లుడి చేత కూడా చదివించు. నా అభిప్రాయం ముందే చెబుతాను. సూది వేయించుకోవడానికి నేను అడ్డు చెప్పను. ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ ఆ సూదితో ఊరట పొందినవాళ్ళను చూశాను, నేనూ వేయించుకున్నాను. కానీ ఇంకా ఎక్కువ గంటలు వంగి కూర్చోవడం కోసమే వేయించుకోవాలనుకుంటే మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. రెండేళ్ళుగా ముదిరిన నొప్పికి ఆ సూది ఇచ్చేది కొన్నాళ్ళ ఊరట. ఆ కొన్నాళ్ళలో నీవు ఏం చేస్తావన్నదాన్ని బట్టే అది పనికివచ్చిందో, డబ్బు దండుగ అయిందో తేలుతుంది.

డాక్టరు గారు చెప్పినది ఏ రకం సూదో మొదట నీకు స్పష్టంగా తెలియాలి. మన వైపు నొప్పికి సూది అనగానే ఆర్‌ఎంపీ డాక్టరు పిరుదుకు వేసే ఇంజెక్షనే గుర్తుకు వస్తుంది. అందులో ఉండేది డైక్లోఫెనాక్ వంటి మందు. కొందరు దానితోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడును కూడా కలుపుతారు. అది రక్తంలో కలిసి తాత్కాలికంగా నొప్పి తెలియనివ్వదు గానీ, పదేపదే వేయించుకుంటే కడుపులో పుండ్లకూ, మూత్రపిండాల చేటుకూ దారి తీస్తుంది. నీకు చెప్పినది అది కాదనుకుంటున్నాను. మెడలో, భుజం పైన కండరం బిగుసుకుని వేలికి ముడిలా తగిలే చోటును ట్రిగర్ పాయింట్ అంటారు. సన్నని సూదిని ఆ ముడిలోకే దించి కొద్దిగా లిగ్నోకెయిన్ వంటి మత్తుమందు ఎక్కించడం రెండవ రకం. మందు ఏమీ లేకుండా వట్టి సూదితోనే గుచ్చే పద్ధతి కూడా ఉంది. కండరాన్ని సడలించే బోటాక్స్ అనే ఖరీదైన మందు మూడవ రకం. నాలుగవది అసలు కండరానికి సంబంధించినదే కాదు. సి-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం కింద వెన్నెముక దగ్గర, నరం చుట్టూ స్టెరాయిడ్ వేయడం. అది మెడ నుంచి చేతిలోకి పాకే నరం నొప్పి కోసం ఉద్దేశించినది. అటువంటి ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ సూదుల వల్ల అరుదుగానైనా పక్షవాతం, చూపు పోవడం, మరణం కూడా సంభవించాయని 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కేవలం కండరాల నొప్పికి ఎవరైనా ఆ నాలుగవ రకం చెబితే మరొక డాక్టరును కలవకుండా ఒప్పుకోవద్దు.

ఈ ట్రిగర్ పాయింట్ వైద్యాన్ని పేరుకు తెచ్చినవారిలో జానెట్ ట్రావెల్ అనే అమెరికా వైద్యురాలు ముఖ్యురాలు. అధ్యక్షుడు కెనెడీ నడుము నొప్పికి ఇటువంటి సూదులతోనే చికిత్స చేసి, 1961లో ఆయనకు వైట్‌హౌస్ వైద్యురాలయ్యారు. ఒక చోట ముడి ఉంటే నొప్పి మరొక చోట తెలుస్తుందని ఆమె బొమ్మలు గీయించి మరీ చూపించారు. భుజం పైనున్న ట్రపీజియస్ కండరంలో ముడి ఉంటే నొప్పి మెడ పక్కగా ఎక్కి, చెవి వెనుక నుంచి కణత దాకా పోతుంది. నీవు తలనొప్పి అంటున్నది కూడా ఇదే కావచ్చు. ఇక మందు సంగతి. లిగ్నోకెయిన్ మత్తు ఒకటి రెండు గంటల్లో దిగిపోతుంది, ఊరట మాత్రం కొందరికి వారాల తరబడి నిలుస్తుంది. అంటే పని చేసేది మందు ఒక్కటే కాదన్నమాట. ముడిలోకి సరిగ్గా సూది దిగితే మందు లేకపోయినా నొప్పి తగ్గుతుందని చెకొస్లొవేకియాకు చెందిన కారెల్ లెవిట్ అనే డాక్టరు 1979లోనే ప్రచురించారు. ఆ తరువాత మందును, ఉప్పునీటిని, వట్టి సూదిని పోల్చి చూసిన పరిశోధనల్లో కూడా పెద్ద తేడా కనబడలేదు. కనుక ఖరీదైన మందు కలిపితే ఎక్కువ గుణం ఇస్తుందని ఎవరు చెప్పినా తొందరపడి నమ్మకు. ఏ మందు అన్నదానికంటే, వేలితో తడిమి ముడిని సరిగ్గా పట్టుకోగల చేయి దొరకడం ముఖ్యం.

అది ఎలా ఉంటుందో కూడా చెబుతాను. ముడిలో సూది దిగినప్పుడు కండరం తనంతట తాను ఒక్కసారి ఉలిక్కిపడినట్టు అదురుతుంది, నీకు అలవాటైన ఆ నొప్పే క్షణంపాటు కణత దాకా కొడుతుంది. అలా అదిరితే సూది సరైన చోట పడిందని డాక్టర్లు భావిస్తారు, కాబట్టి భయపడవలసినది కాదు. నా మెడకు వేసినప్పుడు ఆ సాయంత్రం తల సులువుగా తిరిగింది. మరునాడు మాత్రం ఎవరో గుద్దినట్టు కండరం పచ్చిగా నొచ్చింది. ఆ పచ్చినొప్పి రెండు మూడు రోజులు ఉండడం మామూలే.

అసలు నీ నొప్పి కండరానిదేనా అన్నది తేల్చుకోకుండా పై మాటలన్నీ వృథా. రెండేళ్ళుగా ఎక్కడా ఒక్క ఎక్స్‌రే తీయించలేదని చెప్పావు, అది నాకు నచ్చలేదు. వేళ్ళు తిమ్మిరెక్కడం, చేతిలోని వస్తువు జారిపోవడం, ఆరి సూది పట్టు తప్పడం, నడకలో తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం, తల వంచితే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు ఉండడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సూది మాట పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టరుకో నరాల డాక్టరుకో చూపించుకో. మరొక మాట కూడా ఉంది, దీన్ని బయటి ఊరి డాక్టర్లు అడగకపోవచ్చు. చిన్నప్పుడు మీ ఊళ్ళో మీరంతా తాగినది బోరు నీళ్ళే కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. అనంతపురం జిల్లా బోర్లలో చాలా చోట్ల అంతకంటే ఎక్కువే ఉండేది. 1995లో సత్యసాయి మంచినీటి పథకం వచ్చాకే ఎన్నో ఊళ్ళకు మంచి నీళ్ళు అందాయి. ఆ ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకుంటే మెడా నడుమూ బిగుసుకుపోతాయి, అది కూడా మొదట్లో కండరాల నొప్పిలాగే ఉంటుంది. మెడతోపాటు ముంజేయి ఎక్స్‌రే కూడా తీస్తే అనుభవమున్న డాక్టరు దాన్ని గుర్తుపట్టగలరు. అదే గనుక అయితే కండరంలో ఎన్ని సూదులు గుచ్చినా లాభం ఉండదు.

రక్తపరీక్షలు కూడా చేయించు. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి, బి12 చూడమని అడుగు. వీటిలో లోపం ఉన్నంతకాలం కండరాల నొప్పులు మందుకు లొంగవని ట్రావెల్ గారు కూడా నొక్కి చెప్పేవారు. రెండవ కాన్పులో నీకు షుగరు కనబడింది. అలా కనబడినవారికి తరువాత నిజంగా షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ కలిపిన సూది వేస్తే షుగరు కొన్ని రోజులు బాగా పెరుగుతుంది, వేసిన చోట చర్మం తెల్లబడి గుంట పడవచ్చు, కండరం క్షీణించవచ్చు. కండరపు ముడికి స్టెరాయిడ్ వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదని తెలిసి కూడా ఈ నష్టాలు ఎందుకు కొనితెచ్చుకోవాలి? స్టెరాయిడ్ లేకుండా వేయమని నీవే నోరు తెరిచి అడుగు. అందులో మొహమాటం అక్కరలేదు.

బోటాక్స్ గురించి ఎక్కువ వ్రాయను. మెడ తనంతట తానే ఒక పక్కకు మెలితిరిగిపోయే జబ్బుకూ, మొండి మైగ్రేన్‌కూ అది పనికివస్తుంది. మామూలు మెడ నొప్పికి మాత్రం ఉప్పునీటి సూదికంటే మెరుగని రుజువు కాలేదు. పైగా కొందరికి మెడ బలహీనపడి, మింగడం కష్టమవుతుంది. నీకు అది వద్దు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది నీ పని తీరు. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. దాన్ని 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలవుతుందని 2014లో న్యూయార్కుకు చెందిన ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు లెక్క కట్టారు. నీవు పొద్దున కూర్చుంటే వంటకు లేచేదాకా ఆ భారాన్నే మోస్తున్నావు. ఫ్రేమును నేల మీది నుంచి లేపి, బల్ల మీద నీ ఛాతీ ఎత్తుకు వచ్చేలా, నీ వైపు కొంచెం వాలుగా పెట్టించు. వడ్రంగి ఒక్క పూటలో చేసే పని అది. నలభై దాటావు, చత్వారం వచ్చి ఉంటుంది. జర్దోసీ తీగా పూసలూ కనబడక ముఖాన్ని గుడ్డకు ఆనించి కుడుతున్నావేమోనని నా అనుమానం. కంటి పరీక్ష చేయించుకుని, ఫ్రేము ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చెప్పి, ఆ దూరానికి కళ్ళద్దాలు తీసుకో. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయి. ఎత్తయిన దిండు మానేయి.

వ్యాయామం విషయంలో అనంతపురం సర్వజనాసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగానికి వెళ్ళి చూపించుకో. గడ్డాన్ని లోపలికి లాగి మెడను నిటారుగా నిలపడం, వీపు మీది రెక్క ఎముకలను దగ్గరికి తెచ్చి పట్టి ఉంచడం, అరచేతికి తలను ఆనించి కదలకుండా నెట్టడం వంటివి వాళ్ళు నేర్పుతారు. చూడటానికి ఇవి పిల్లల ఆటల్లా ఉంటాయి, ఫలితం కూడా రెండు రోజుల్లో కనబడదు. కండరానికి బలం రావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. చాలామంది వారం చేసి, నొప్పి ఎక్కువైందని మానేస్తారు. సరిగ్గా అక్కడే సూది అక్కరకు వస్తుంది. నొప్పి వల్ల వ్యాయామం చేయలేకపోతున్నవారికి ఆ కొన్నాళ్ళ ఊరటలో కండరాన్ని సాగదీసి, బలపరుచుకునే వీలు దొరుకుతుంది. నొప్పి లేదు కదా అని అదే ఊరటను శ్రావణమాసం జాకెట్ల మీద ఖర్చు పెడితే, వరలక్ష్మీవ్రతం దాటేసరికి మెడ ఇప్పటికంటే హీనంగా తయారవుతుంది.

అందుచేత నా సలహా ఇది. ఇప్పటి నుంచి ఆరు వారాలు ఫ్రేము మార్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వ్యాయామం చేసి చూడు. ఆదివారం ఆదివారం నొప్పిని సున్నా నుంచి పది వరకు ఎంతని ఒక పుస్తకంలో వ్రాయి. అంకెతోపాటు తల ఎంతవరకు తిరుగుతున్నదో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో కూడా వ్రాయి; అంకె కంటే అవే నిజం చెబుతాయి. శ్రావణమాసానికి ఈసారి ఆర్డర్లు సగానికి తగ్గించుకో. ఆ ఆదాయం పోతుందన్న బాధ నాకు తెలుసు. పిల్లవాడి ఫీజు గురించి నీవు దిగులు పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. దానికి లోటు పడితే నాతో చెప్పు, నా పెన్షన్ ఉన్నది మీకు కాకపోతే ఎవరికి? ఆరు వారాల తరువాత కూడా నొప్పి వ్యాయామానికి అడ్డు వస్తూ, పరీక్షల్లో వేరే జబ్బు ఏమీ లేదని తేలితే, అప్పుడు సూది వేయించుకో.

వేయించుకునే ముందు డాక్టరు గారిని ఇవి అడుగు: ఏ కండరంలో వేస్తారు, ఏ మందు, స్టెరాయిడ్ ఉందా, పడుకోబెట్టి వేస్తారా. కూర్చోబెట్టి వేస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళుంటారు. భుజం పై కండరానికి కిందనే ఊపిరితిత్తి కొన ఉంటుంది, అందువల్ల కండరాన్ని వేళ్ళతో పైకి ఎత్తిపట్టి వేయాలి. మెడ, భుజాల సూదులు రోజూ వేసే చేయి కాకపోతే ఒప్పుకోవద్దు. మత్తు డాక్టర్లలో నొప్పి వైద్యం నేర్చినవారుంటారు, వారు దొరికితే మంచిది. ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబడే మరే మందు గానీ వాడుతున్నా, ఇంతకు ముందు పన్ను పీకినప్పుడు మత్తు సూది పడకపోయినా, నెల తప్పినా ముందే చెప్పు. కొత్త సూది, కొత్త సిరంజి నీ కళ్ళ ముందే విప్పాలి.

ఆ రోజు అల్లుణ్ణి వెంట తీసుకువెళ్ళు, స్కూటీ నీవు నడపవద్దు. ఇంటికి వచ్చాక మెడను అన్ని వైపులా మెల్లగా తిప్పుతూ ఉండు, మూడు నాలుగు రోజులు నీళ్ళ బిందెలు మోయవద్దు, మగ్గం ముట్టవద్దు. ఆయాసం గానీ, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు గానీ వస్తే అది అర్ధరాత్రి అయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. వేసిన చోట ఎర్రబడి వాచి జ్వరం వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఊరట దొరికితే మరునాటి నుంచే ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పిన సాగదీసే వ్యాయామాలు మొదలుపెట్టు. రెండు మూడుసార్లు వేయించుకున్నా నీ పుస్తకంలోని అంకెలు మారకపోతే ఇక ఆ దారి నీది కాదని ఆపేయి. ఎన్నిసార్లయినా వేద్దామనేవాళ్ళు ఉంటారు, ఆపడం నీ చేతిలోనే ఉంది.

అల్లుడు సెలూనులో మెడ విరిపించుకుంటాడని విన్నాను. వెంటనే మాన్పించు. అలా ఒక్కసారిగా తిప్పడం వల్ల మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చినవారున్నారు. నీ మెడను కూడా ఆ విధంగా ఎవరి చేతా విరిపించుకోవద్దు.

ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు ఫోటో తీసి పంపు. డాక్టరు గారు వ్రాసిన చీటీ కూడా స్పష్టంగా కనబడేలా తీయి, మందు పేరు నేను చదవాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ