కోడ్ తేదీ మార్చితే పేటెంట్ నోటీసు నుంచి బయటపడతామా?

ప్రశ్న: కావలిలో మేం ముగ్గురు స్నేహితులం. రొయ్యల రైతుల సంఘం కోసం సభ్యుల గుర్తింపును క్యూఆర్ కోడ్‌తో సరిచూసే సాఫ్ట్‌వేర్ రాసి, 2021 ఆగస్టులో అపాచీ లైసెన్స్ (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనే అనుమతి) కింద ఓపెన్ సోర్స్‌గా పెట్టాం. రూపాయి తీసుకోలేదు. ఒక కంపెనీ తమ పేటెంట్‌ను ఉల్లంఘించామంటూ 15 రోజుల్లో ఆపమని లాయర్ నోటీసు పంపింది. అందులో 2022తో మొదలయ్యే 12 అంకెల నంబరుంది. టెన్షన్‌తో 40 రోజులుగా జవాబివ్వలేదు. కవరు పారేశాం. కోడ్ తేదీని 2019కి మార్చేస్తే బయటపడతామా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరు ఉచితంగా ఇచ్చారా, రైతులకు మేలు జరిగిందా అన్నది కోర్టు అడగదు. పేటెంట్ల చట్టం సెక్షన్ 48 ప్రకారం అమ్మడమే కాదు, వాడటం కూడా ఉల్లంఘనే. అపాచీ లైసెన్స్ కూడా అడ్డుపడదు. అందులోని పేటెంట్ అనుమతి ఆ కోడ్‌కు చేయి కలిపినవాళ్లదే, బయటివాళ్లది కాదు.

కేసు తేలేది ఆ నంబరు దగ్గరే. 12 అంకెలుంటే అది అప్లికేషన్ నంబరు. పేటెంట్ ఇచ్చారో లేదో దాన్నిబట్టి తెలియదు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి స్టేటస్ చూడండి. ఇంకా గ్రాంట్ (పేటెంట్ మంజూరు) కాకపోతే సెక్షన్ 11ఎ(7) ప్రకారం ఇప్పుడు దావా వేయలేరు. అలాగని నిశ్చింతగా ఉండొద్దు, గ్రాంట్ అయ్యాక దరఖాస్తు ప్రచురణ తేదీ నుంచి నష్టపరిహారం అడగవచ్చు.

తర్వాత చూడాల్సింది ప్రయారిటీ తేదీ, అంటే ఆ ఆవిష్కరణకు మొట్టమొదట దరఖాస్తు వేసిన తేదీ. నంబరులో 2022 ఉందని మోసపోకండి. విదేశీ దరఖాస్తు పీసీటీ (అంతర్జాతీయ పేటెంట్ ఒప్పందం) దారిలో ఇక్కడికి రావడానికి 31 నెలల గడువుంది కాబట్టి అసలు తేదీ 2019 మధ్యది కూడా కావచ్చు. అది మీ 2021 ఆగస్టు తర్వాతదైతే మీ కోడే వాళ్లకు అడ్డు. ముందుదైతే అంతకుముందే బయట ఉన్నవి వెతకాలి. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్ (సరిచూడదగ్గ డిజిటల్ గుర్తింపు పత్రాల) ప్రమాణం 2019 నవంబరులో వచ్చింది. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో మోసిప్ (ఓపెన్ సోర్స్ డిజిటల్ గుర్తింపు) ప్రాజెక్టు 2018లోనే మొదలైంది. వాళ్ల క్లెయిముల్లోని (పేటెంట్‌లో తమదని చెప్పుకున్న అంశాలు) ఒక్కో మాటనూ వీటితో పోల్చాలి. సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ లేదనే సెక్షన్ 3(కె) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సాంకేతిక ఫలితం ఉంటే కోర్టులు వేరుగా చూస్తున్నాయి.

ఇక తేదీ మార్చే మాట. ఆ ఆలోచన ఈ క్షణమే మానేయండి. కమిట్ తేదీని (కోడ్ మార్పు నమోదైన తేదీ) ఎవరైనా మార్చగలరని అవతలి నిపుణుడికీ తెలుసు. నోటీసుకు ముందే వాళ్లు మీ కోడ్ కాపీ తీసుకుని ఉంటారు. దొంగ సాక్ష్యం సృష్టించి కోర్టులో పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. గెలిచే కేసు కూడా పోతుంది.

మీ చేతిలో లేని రికార్డే మీకు బలం. కోడ్ దాచిన సర్వర్‌లోని అప్‌లోడ్ వివరాలు, ఆనాటి మెయిళ్లు, సంఘం మినిట్స్ పుస్తకంలో డెమో గురించి రాసిన పేజీ సేకరించండి. ఎలక్ట్రానిక్ కాపీలకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేతం) సహా, జత చేయాలి.

కవరు పారేయడం పెద్ద తప్పు. నోటీసు అందిన తేదీకి అదే రుజువు. దాని నంబరు దొరికితే పోస్టాఫీసులో ట్రాకింగ్ అడగండి. నోటీసు అందాక 'మాకు తెలియదు' అనే సెక్షన్ 111 వాదన చెల్లదు, కాబట్టి ఇక ఆలస్యం వద్దు. ఈ వారమే లాయర్ ద్వారా చిన్న జవాబు పంపండి: 'గ్రాంట్ నంబరు, క్లెయిములు, మా కోడ్‌లో ఏ భాగమో చూపండి.' తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క మాటా రాయొద్దు. వాళ్లు పంపే హామీపత్రం మీద సంతకం పెట్టొద్దు.

గ్రాంట్ కాకపోతే సెక్షన్ 25(1) కింద అభ్యంతరం ఎవరైనా వేయవచ్చు, గ్రాంట్ అయ్యే రోజు దాకానే. గ్రాంట్ అయితే 25(2) కింద ఏడాదే గడువు. అదీ దాటితే హైకోర్టులో రద్దుకు సెక్షన్ 64 ఉంది. కానీ ఆ ఖర్చు మీ ముగ్గురికీ భారం, కాబట్టి ముందు స్టేటస్ పేజీ ప్రింట్ తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి.